నూటికి నెలకెంత?

అప్పు తెచ్చుకొను మనుష్యుడు దాని భారమును ముందుగా అంచనా వేసికొనుటకు మన ప్రాంతమున తరతరములుగా వాడుకలోనున్న లెక్క యొక్కటే కలదు: నూటికి నెలకు ఎన్ని రూపాయలు అని. రూపాయి వడ్డీ యనిన ఏడాదికి నూటికి 12, రెండు రూపాయలనిన 24, మూడనిన 36. అక్షరజ్ఞానము లేని వేరుసెనగ రైతు సైతము ఈ లెక్కను తడుముకొనక చెప్పగలడు. ఇంతటి లెక్క తెలిసిన జనులే, జీతము వచ్చులోపల, కూలి చేతికందులోపల తీర్చివేయుదుమను ధీమాతో తీసికొను స్వల్పకాలపు అప్పుల విషయమున మాత్రము, ఎంత ఇచ్చుచున్నారు, ఎంత కట్టవలెను అను రెండు అంకెలతోనే తృప్తిపడి, కాలమును లెక్కలోనికి తీసికొనుట మానివేయుచున్నారు. అట్టి అప్పులిచ్చువారి లాభమంతయు ఈ యుపేక్షపైననే ఆధారపడి యున్నదని నా దృఢవిశ్వాసము.

మన కదిరి సీమలో ఆదాయమునకును వ్యయమునకును కాలము కలియదు. మెట్టభూమిలో వేరుసెనగ ఏడాదికొక్క పంట, అదియును వాన కరుణించిననే. కిరాణా కొట్టు బాకీ, పిల్లల ఫీజు, మందుల ఖర్చు మాత్రము నెలనెలా తప్పవు. పంట పోయిన యేడు బెంగుళూరునకు కూలికి పోయినవారు పంపు డబ్బు ఏ వారమున వచ్చునో వారికే తెలియదు. ఇక ఫాల్గుణమాసపు బ్రహ్మోత్సవములలో ఖాద్రీ లక్ష్మీనరసింహస్వామి తేరు తిరుగు వీధులలో పూలు, కుంకుమ, బొమ్మలు అమ్ముకొను చిరువ్యాపారులకు పెట్టుబడి కావలసినది ఆ కొలది దినములకే. ఆ అక్కరను ఎరిగినవారే దినకంతుల ఫైనాన్సువారు.

తెలుగునాట పలు పట్టణములలో నడచుచున్న ఆ కంతుల పద్ధతి ఇట్టిది. రూ. 10,000 అప్పు వ్రాసికొని, ముందే రూ. 1,500 పట్టుకొని, చేతికి రూ. 8,500 ఇత్తురు, దినమునకు రూ. 100 వంతున 100 దినములు కట్టవలెను. పది వేలకు మూడు నెలల పైచిలుకు కాలమునకు పదునైదు వందలే గదా, నూటికి నెలకు నాలుగున్నర రూపాయలు పడినదని పైచూపునకు తోచును. కాని అసలు ప్రతిదినము తరిగిపోవుచున్నది; యాబదియవ దినము నాటికి సగము కంతులు కట్టివేసియే యుందురు. చేతికి వచ్చిన ఎనిమిదిన్నర వేలను, అది యథార్థముగా చేతనున్న కాలమును కలిపి గణించినచో, ఆ వడ్డీ నూటికి నెలకు ఇంచుమించు పది రూపాయలు, ఏడాదికి 120 శాతమునకు మించుచున్నది. కంతు కట్టించుకొనువాడు మోసపుమాట యొక్కటియు ఆడనక్కరలేదు. కాలమును గూర్చి మౌనము వహించిన చాలును.

జీతములు ఆలస్యమైన ఒకానొక నెలలో, నా భార్య వైద్యమునకు రూ. 20,000 అత్యవసరమైనప్పుడు, నా యెదుట మూడు మార్గములుండెను. ఇరువది దినములలో జీతము వచ్చునని తెలిసియుండుటచే, కాగితము ముందు పెట్టుకొని మూడింటిని నూటికి నెలకెంత యను ఆ ఒక్క లెక్కకే తెచ్చితిని. తెలిసిన షావుకారు మూడు రూపాయల వడ్డీకి ఇచ్చెదననెను. కాని నెల వడ్డీ రూ. 600 ముందే పట్టుకొనునట్టియు, ముందుగా తీర్చినను తిరిగి ఈయనట్టియు షరతు. రూ. 19,400 ఇరువది దినములు వాడుకొన్నందుకు ఆరువందలనిన, ఆ మూడు రూపాయలు నాలుగున్నరను దాటెను. బ్యాంకులో నగ కుదువ పెట్టిన వడ్డీ ఏడాదికి 9 శాతము, అనగా నూటికి నెలకు ముప్పావలా. ఇరువది దినములకు నూరు రూపాయలలోపే. అయితే నగ నాణ్యము చూచు రుసుము మరి రెండువందలు కలుపగా, ఆ ముప్పావలాయే రెండు రూపాయల పావలాకు పెరిగెను. కాలము కురుచయైనకొలది ఎంత న్యాయమైన రుసుమైనను వడ్డీని ఎట్లు పెంచునో నాకు ఆనాడు బోధపడినది. మూడవది ఫోనులో అప్పులిచ్చు యాప్. రూ. 5,000 మంజూరు, ప్రాసెసింగు రుసుము పోగా చేతికి రూ. 3,500, ఏడు దినములలో రూ. 5,000 తిరిగి కట్టవలెను. ఈ లెక్క కట్టునప్పుడు నా కలము ఒక్క క్షణము నిలిచిపోయినది: నూటికి నెలకు దాదాపు 184 రూపాయలు.

నగనే కుదువ పెట్టితిని. జీతము అందగానే విడిపించుకొని, ఆ మరునెల నుండి బ్యాంకులో రికరింగు డిపాజిట్టు తెరచి, ఒక నెల యింటిఖర్చునకు సరిపడు మొత్తము కూడువరకు దానిని ముట్టలేదు. నా ఆర్థిక నిర్ణయములన్నింటిలో నాకు అత్యధికమైన మనశ్శాంతి నిచ్చినది ఇదియే.

పైన చెప్పినటువంటి అప్పుల యాప్‌ల ఘోరము 2020 డిసెంబరులో హైదరాబాదున బయటపడినది. ఫోనులోని బంధుమిత్రుల నంబర్లను చేజిక్కించుకొని, వారికెల్ల అవమానకరమైన సందేశములు పంపి వేధింపగా, కొందరు ప్రాణములు తీసికొనిరి. రిజర్వు బ్యాంకు 2021 జనవరిలో ఒక అధ్యయన బృందమును నియమించి, 2022 సెప్టెంబరులో నియమావళిని వెలువరించెను. దాని ప్రకారము అప్పు సొమ్ము నేరుగా రుణగ్రహీత ఖాతాకే రావలెను. రుసుములన్నియు కలిపిన వార్షిక వ్యయశాతమును ముందే చూపవలెను. యాప్ మన ఫోనులోని నంబర్ల జాబితాను తాకరాదు. ఆ వార్షిక శాతమును పన్నెండుతో భాగించినచో మన పాతలెక్కయే వచ్చును.

వడ్డీకి హద్దు విధించుట మనకు క్రొత్త కాదు. ఒక్కమారుగా చెల్లించు వడ్డీ అసలును మించరాదని మనుస్మృతి విధించినది. మన సీమ మదరాసు ప్రావిన్సులో నున్న కాలమున వచ్చిన 1938 నాటి వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము, పాత బాకీలకు అసలునకు రెట్టింపు చెల్లించిన రైతును ఋణవిముక్తునిగా నెంచినది. 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సూక్ష్మరుణ సంస్థలపై తెచ్చిన ఆర్డినెన్సు కూడ వడ్డీ అసలును మించరాదనినది. ఇక అమెరికాలోని పలు రాష్ట్రములలో జీతపుదినము వరకు ఇచ్చు అప్పులకు రెండు వారములకు నూరు డాలర్లకు పదునైదు వసూలు చేయుట పరిపాటి, అనగా ఏడాదికి దాదాపు 390 శాతము. బ్రిటనులోనో 2015 జనవరి నుండి రోజుకు 0.8 శాతమును, మొత్తముమీద అసలును, మించరాదను హద్దు అమలునకు వచ్చినది. హద్దు విధించిన ఇన్ని దేశకాలములు ఒక్కచోటనే గీత గీసినవనిన, ఆ గీత న్యాయమైనదనియే నేనెంచుచున్నాను.

కావున చదువరులారా, అప్పు తీసికొనకముందు చేతికి వచ్చుసొమ్ము, పోవుసొమ్ము, మధ్యనుండు దినములు, ఈ మూడింటిని కాగితముపై వ్రాసి, నూటికి నెలకెంతయో కట్టి చూచుకొనుడు. పొదుపు సంఘములో సభ్యులైనచో ముందు అచ్చటనే అడుగుడు. ఇప్పటికే యాప్ వారి వేధింపులలో చిక్కియున్నచో, దాచక ఇంటివారికి నేడే చెప్పి, 1930 నంబరునకు ఫోను చేసి ఫిర్యాదు వ్రాయించుడు.