అగర్ పోసే చేయి

ఎడిటర్ గారు పంపింది మందులకు లొంగని క్రిముల మీద జరుగుతున్న పరిశోధన చూసి రమ్మని. కోస్తాలో ఒక ప్రభుత్వ బోధనాసుపత్రి, మైక్రోబయాలజీ విభాగం. హెచ్‌ఓడీ గారు ఓపిగ్గా గ్రాఫులన్నీ చూపించారు. మర్యాదకు తలూపి, కారిడార్ చివర క్రిములకు మేత వండే గదిలోకి వెళ్లి అక్కడే ఉండిపోయాను.

అక్కడ ఉన్నది అటెండరుగా చేరి తల నెరిసిన ఒక పెద్దాయన. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉడికిన, క్రిములను పెంచే అగర్ ఉన్న ఫ్లాస్కును చల్లారనిచ్చి మణికట్టుకు ఆనించి చూస్తున్నారు, పాలకు తోడు వేసేముందు చూసినట్టు. 50 డిగ్రీల చేరువకు దిగాకే గొర్రె రక్తం కలపాలి. వేడి మిగిలితే ఎర్రకణాలు పగిలి చాక్లెట్ రంగుకు తిరుగుతుంది. మరీ చల్లారితే పోస్తుండగానే గడ్డకడుతుంది. థర్మామీటరు గోడకు వేలాడుతోంది, ఆయన దాని వంక చూడనైనా లేదు.

ఇంతలో ఒక పీజీ అమ్మాయి విసురుగా వచ్చింది. ‘బాబాయ్, మొన్నటి బ్యాచ్ కొత్తబ్బాయి పోశాడటగా? జోన్లన్నీ కుంచించుకుపోయాయి. కంట్రోల్ కూడా తప్పింది. నా థీసిస్ కేసులన్నీ మళ్లీ పెట్టాలి!’

‘నేను సెలవులో ఉన్నాను డాక్టరమ్మా. మందంగా పోసేశాడు.’

నా కథనం ఈ రెండు మాటల్లోనే ఉంది. మందుల పరీక్షకు వాడే ముల్లర్-హింటన్ అగర్ లోతు 4 మిల్లీమీటర్లు ఉండాలి. దానిమీద రోగి నుంచి తీసిన క్రిమిని పరిచి, మందు బిళ్లలు పెట్టి రాత్రంతా ఉంచితే, మందు పనిచేసిన మేర చుట్టూ ఖాళీ వలయం, అంటే జోన్, ఏర్పడుతుంది. అగర్ మందమైతే మందు లోతుకు ఇంకి వలయం చిన్నదవుతుంది, లొంగే క్రిమి మొండిదిగా కనిపిస్తుంది. పలచనైతే తారుమారు. ఫలితం ముందే తెలిసిన కంట్రోల్ క్రిమి పట్టించబట్టి సరిపోయింది గానీ, లేకుంటే వార్డులో ఎవరికో అవసరం లేని ఖరీదైన ఇంజెక్షను పడేది. థీసిస్‌లో మాత్రం ఈ పని మొత్తానికీ ఒకటే వాక్యం: ప్రామాణిక పద్ధతిలో చేశాము. ఆయన దగ్గర బ్యాచ్‌ల రిజిస్టరు ఉంది, తేదీలతో సహా. దాన్ని అడిగినవాళ్లు లేరట.

ఈ నిర్లక్ష్యం అగర్ అంత పాతది. 1881లో క్రిములను పెంచే జెలటిన్ వేడికి కరిగిపోతోందని రాబర్ట్ కోఖ్ ల్యాబులో పనిచేస్తున్న వాల్టర్ హెస్సే తల పట్టుకుంటే, వంటింట్లో వాడే అగర్ వేసి చూడమన్నది ఆయన భార్య ఫానీ. మరుసటి ఏడు కోఖ్ ప్రచురించిన క్షయ వ్యాసంలో అగర్ ఉంది, ఆమె పేరు లేదు. ఈ విషయంలో రోనాల్డ్ రాస్ నయం. 1897లో సికింద్రాబాద్‌లో తన మలేరియా పరిశోధన కోసం దోమలకు ఒళ్లప్పగించిన హుస్సేన్ ఖాన్ పేరైనా రాసిపెట్టాడు.

పెద్దాయన వచ్చే జూన్‌లో రిటైరవుతారు. ఆ పోస్టు భర్తీ కాదట, ఔట్‌సోర్సింగ్ కుర్రాళ్లే. తయారు ప్లేట్లు కొనుక్కోవచ్చు కదా అన్నారు ఒక డాక్టరు గారు. కొనవచ్చు, మంచివే. టెండరు ఆగిన నెలలో ఎవరు పోస్తారు?

ఎవరికైనా నేర్పుతున్నారా అని పెద్దాయన్నే అడిగాను.

‘వచ్చినోళ్లందరికీ నేర్పుతానండీ. చెయ్యి కుదిరేసరికి కాంట్రాక్టు అయిపోతది.’