చర్మం దాటిపోయే నీరు

25 వారాలకే పుట్టిన బిడ్డను మొదటిసారి చూసిన హౌస్ సర్జన్లు ముట్టుకోవడానికి జంకుతారు. చర్మం ఉల్లిపొరలా ఉంటుంది. ఎర్రగా, జిగటగా మెరుస్తూ, కింద రక్తనాళాలన్నీ కనిపిస్తుంటాయి. ప్లాస్టర్ అంటించి తీస్తే చర్మమూ దాంతోపాటే ఊడి వస్తుంది. నీటిని పట్టి ఉంచే పైపొర ఇంకా తయారు కాలేదు. అందుకే పుట్టిన క్షణం నుంచే ఒంట్లోని నీరు ఆవిరైపోతూ ఉంటుంది. అది చెమట కాదు, కంటికి కనిపించదు, డయాపర్ తూచినా లెక్కకు రాదు. పొడిగాలిలో రేడియంట్ వార్మర్ కింద పడుకోబెడితే కిలో బరువుకు రోజుకు 100 మిల్లీలీటర్లకు పైనే పోవచ్చు. ఒంట్లో సోడియం ఉన్నంతా అలాగే ఉంటుంది, నీరు మాత్రం తరిగిపోతుంది.

ఒక మే నెలలో ఏజెన్సీ ప్రాంతం నుంచి మా దగ్గరికి వచ్చిన బాబు 26 వారాలవాడు. పుట్టినప్పుడు 760 గ్రాములు. రెండో రోజు మా దగ్గర తూస్తే 660. నెలలు నిండనివాళ్లు మొదటి వారంలో పదో వంతు వరకు, కొందరు ఇంకొంచెం ఎక్కువే, బరువు తగ్గడం మామూలే. కానీ ఆ తగ్గడం నాలుగైదు రోజుల మీద జరగాలి. ఒక్క రోజులో వంద గ్రాములు పోయాయంటే అదంతా నీరే. సోడియం 159 వచ్చింది. 145 దాటితేనే ఎక్కువ అంటాం, 150 దాటితే నాకు నిద్ర పట్టదు.

బాబు నాయనమ్మ తలుపు దగ్గర నన్ను ఆపింది. "మా కోడలు నెలలు మోస్తున్నన్నాళ్లూ ఆవకాయ లేనిదే ముద్ద దిగేది కాదు సారూ. ఆ ఉప్పే పిల్లగాడికి ఎక్కిందా?" వెనకాల గోడకానుకుని నిలబడిన కోడలు తలెత్తలేదు. ఆ ప్రశ్నకు అక్కడే, ఆ అమ్మాయి వినేలా జవాబు చెప్పాలనిపించింది. "లేదమ్మా. ఆమె తిన్నదానికీ దీనికీ సంబంధం లేదు. పిల్లాడి ఒంట్లో నీళ్లు తగ్గాయి, అందుకే ఉన్న ఉప్పు చిక్కబడింది." బాలింతను పథ్యం పేరుతో తప్పుపట్టడం మన ఇళ్లలో తేలిక. నెలలు నిండకుండా కన్న తల్లి అప్పటికే తనను తాను తిట్టుకుంటూ ఉంటుంది, ఇంకొకరు తోడవనక్కర్లేదు.

ఉప్పు వేరే దారిన రావడమూ ఉంది. ఆ దారి మన చేతిలోదే. బొడ్డు ధమనిలో పెట్టిన గొట్టం మూసుకుపోకుండా గంటకు అర మిల్లీలీటరు నార్మల్ సెలైన్ పోనిస్తే రోజుకు 12 మిల్లీలీటర్లు. అందులో సోడియం దాదాపు 1.8 మిల్లీ ఈక్వివలెంట్లు. 700 గ్రాముల బిడ్డకు అది కిలోకు 2.6. మొదటి రెండు రోజుల్లో మనం కావాలని సోడియం ఇవ్వం, అయినా గొట్టం గుండా ఇంత వెళ్లిపోతుంది. మందు ఇచ్చిన ప్రతిసారీ చేసే ఫ్లష్, బీపీ కోసం ఇచ్చే బోలస్, బైకార్బనేట్ వీటికి అదనం. బైకార్బనేట్‌ను ఒకప్పుడు ధారాళంగా వాడేవాళ్లు. దాని వాడకం తగ్గించాక సోడియం పెరగడమూ, మెదడులో రక్తస్రావమూ రెండూ తగ్గాయని అమెరికాలో సిమన్స్ బృందం 1974లోనే రాసింది. మా సిస్టర్లతో ఫ్లష్‌లను కూడా చార్టులో రాయించడానికి కారణం అదే.

రక్తం చిక్కబడితే మెదడు కణాల్లోంచి నీరు బయటికి లాగబడుతుంది, మెదడు కుంచించుకుంటుంది. పెద్ద పిల్లల్లోనైతే మెదడు పైన సాగిన సిరలు తెగే ప్రమాదం. నెలలు నిండనివాళ్లలో అసలు బలహీనమైన చోటు లోపల, మెదడు గదుల పక్కన ఉంటుంది. దాన్ని జెర్మినల్ మ్యాట్రిక్స్ అంటారు. అక్కడి రక్తనాళాల గోడలు చాలా పలచన. 34 వారాలు వచ్చేసరికి ఆ భాగం చాలా వరకు కరిగిపోతుంది. ఈలోపు పుట్టినవాళ్లకు బీపీ కాస్త ఎగసినా, పడినా చిట్లుతుంది. రక్తస్రావాల్లో అత్యధికం మొదటి 72 గంటల్లోనే జరుగుతాయి. చర్మం నుంచి నీరు ఎక్కువగా పోయేదీ ఆ రోజుల్లోనే.

బాబును ఇంక్యుబేటర్‌లోకి మార్చి తేమ 80 శాతానికి పెంచాం. ద్రవాలు మెట్టుమెట్టుగా పెంచి, ఆరు గంటలకోసారి సోడియం చూశాం. ఆత్రపడి నీళ్లు గుమ్మరిస్తే కుంచించుకున్న మెదడు వాస్తుంది, ఫిట్స్ వస్తాయి. రోజుకు 10, మహా అయితే 12 పాయింట్లకు మించి దించకూడదు.

మూడో రోజు మాడు మీద ప్రోబ్ పెట్టి స్కాన్ చూస్తే ఎడమవైపు గదిలో కాస్త రక్తం. రెండో గ్రేడ్. 1978లో పపీల్ చేసిన నాలుగు గ్రేడ్ల లెక్కే ఇప్పటికీ వాడుతున్నాం. సోడియం వల్లే చిట్లిందా అని తండ్రి అడిగాడు. దానికి నా దగ్గర సూటి జవాబు లేదు. అదే వారం పక్క ఇంక్యుబేటర్‌లోని పాపకు సోడియం ఒక్కసారి కూడా 145 దాటలేదు, మూడో గ్రేడ్ వచ్చింది. ఆమె తల్లికి కాన్పుకు ముందు స్టెరాయిడ్ ఇంజెక్షన్ అందలేదు, పాప పుట్టాక బీపీ నిలవలేదు. సోడియం ఎక్కువైన పిల్లల్లో తీవ్ర రక్తస్రావం ఎక్కువగా కనిపిస్తుందన్నది నిజం. కానీ ఎక్కువ జబ్బుగా ఉన్న పిల్లలకే రెండూ వస్తాయి కాబట్టి ఏది దేనికి కారణమో విడదీయడం కష్టం. నా మటుకు నేను ఆ తేలని ప్రశ్న కోసం ఆగను. నీరు పోనివ్వకుండా కాపాడటానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. పుట్టిన నిమిషంలోనే, తుడవకుండానే బిడ్డను మెడ దాకా శుభ్రమైన పాలిథిన్ సంచిలో పెట్టి వార్మర్ కింద ఉంచడం కాన్పు జరిగే ఏ ఆస్పత్రిలోనైనా వీలయ్యే పని. నెలలు నిండక ముందే నొప్పులు వస్తే తల్లికి ఆ స్టెరాయిడ్, అంటే డెక్సామెథసోన్, 6 మిల్లీగ్రాముల చొప్పున 12 గంటలకొకటి, నాలుగు డోసులు. మొదటి డోసు ఇచ్చాకే అంబులెన్స్ ఎక్కించాలి.

రెండో గ్రేడ్ వచ్చినవాళ్లలో చాలామంది బాగానే ఎదుగుతారని బాబు తల్లికి చెప్పాను. గదుల్లో నీరు చేరుతుందేమో చూసుకోవాలి కాబట్టి వారానికోసారి తల చుట్టుకొలత తీస్తాం, నెలలు నిండే తేదీకి మళ్లీ స్కాన్ చేస్తాం. "నడుస్తాడా సార్?" అంది. ఏడాది దాటేదాకా ఎవరూ ఖాయంగా చెప్పలేరన్నాను. ఫిజియోథెరపీ ఎప్పుడు మొదలుపెట్టాలో, ఊరి నుంచి రావడానికి ఏ బస్సు దొరుకుతుందో తను అడుగుతుంటే నాయనమ్మ పక్కన కూర్చుని వింది.