వేళగాని శిశిరం

ప్రబంధానికి చెప్పిన పద్ధెనిమిది వర్ణనల్లో ఋతువర్ణన ఒకటి. ఇరవై యేళ్లుగా కాలేజీలో ఆ పాఠం చెబుతున్నాను. శిశిరంలో ఆకు రాలడం గురించీ, వసంతంలో చిగురు తొడగడం గురించీ గంటసేపు అనర్గళంగా మాట్లాడగలను. అంతటి నాకు, మా పెరటి వేపచెట్టు శరత్తులోనే ఆకు రాల్చేస్తున్నదన్న సంగతి మా ఆవిడ చెప్పేదాకా తెలియలేదు. పండితుల వ్యవహారం సాధారణంగా ఇలాగే వుంటుంది.

"ఏమండీ, చెట్టు చూశారా? రోజూ రెండు తట్టలు ఎత్తిపోస్తున్నాను" అన్నది.

చూశాను. అది 2021, ప్లవ నామ సంవత్సరం. మాది ఖమ్మం. ఆ చెట్టు మా నాన్నగారు నాటినది. వేప మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాల్చి, ఉగాదినాటికి కొత్త చిగురుతో, పూతతో నిలబడుతుంది. అది దాని ధర్మం. ఆ యేడు వానాకాలం ముగియకుండానే కొమ్మల కొసలు మాడడం మొదలుపెట్టి, కార్తీకానికల్లా చెట్టంతా ఎవరో కాగడా తిప్పినట్టు గోధుమరంగుకు వచ్చేసింది.

నా గుండె గతుక్కుమన్నది. కారణం వుంది. అంతకు మూడేళ్ల క్రితం కారు కొన్నాను. కారు కొన్నవాడికి బురద పనికిరాదు గదా! పెరడంతా, చెట్టు మొదలుదాకా సిమెంటు పోయించాను. "చుట్టూ కాస్త మట్టి వుంచరా, దానికీ దాహం వేస్తుంది" అన్నది అమ్మ. నేను వినలేదు. అమ్మ మళ్లీ అనలేదు.

తప్పు చేసినవాడు వైద్యం కూడా తొందరగా చేస్తాడు. యూరియా తెచ్చి, నీళ్లలో కలిపి, మొదట్లో కుమ్మరించాను. నాలుగు లేతచిగుళ్లు వచ్చాయి. పదిహేను రోజుల్లో అవీ మాడాయి. ఈలోగా పొరుగాయన, "మాస్టారూ, ఎండుకొమ్మ విరిగి మా రేకులమీద పడితే పూచీ ఎవరిది?" అన్నాడు. చెట్లు కొట్టే మనిషిని పిలిపించాను. అతను చుట్టూ తిరిగి చూసి, "కట్టెకు తప్ప పనికిరాదు సార్" అన్నాడు. బేరం కుదిరింది. ఆదివారం ముహూర్తం.

శనివారం సాయంత్రం అమ్మ కర్ర పోటేసుకుంటూ వచ్చి, అందిన కొమ్మను వంచి కొస విరిచింది. పుటుక్కున విరిగింది. జానెడు కిందికి వచ్చి మళ్లీ విరవబోయింది. వంగిందిగాని విరగలేదు. గోటితో బెరడు గీకింది. లోపల పచ్చగా వుంది.

"ప్రాణం వుందిరా" అన్నది. అంతే. లోపలికి వెళ్లిపోయింది.

ఆదివారం మనిషి రాలేదు. వద్దని ఫోను చేశాను. సోమవారం మా కాలేజీ వృక్షశాస్త్రం లెక్చరరుకు ఎండిన కొమ్మ చూపించాను. ఆయన నవ్వి, "మీ చెట్టు ఒక్కటే అనుకుంటున్నారా? తలెత్తి వూరు చూడండి మాస్టారూ" అన్నాడు. నిజమే. రోడ్ల వెంట వేపలన్నీ అలాగే వున్నాయి. తెలంగాణ అంతటా ఆ యేడు అదే గోల. టీ దోమ అనే పురుగు లేతకొసల్లో రసం పీలుస్తుంది, ఆ గాయాల్లోంచి ఫొమోప్సిస్ అనే బూజు లోపలికి దిగుతుంది, వానతడిలో వ్యాపిస్తుంది. నేను పోసిన యూరియా ఆ పురుగుకు విందుభోజనం!

చూశారా చిత్రం! వేపనూనెతో మొక్కల బూజుతెగుళ్లను కుదిర్చే విద్యమీద 1994లో ఐరోపా పేటెంటు కార్యాలయం అమెరికా వ్యవసాయశాఖకూ, అక్కడి ఒక కంపెనీకీ హక్కు రాసిచ్చింది. ఇది మా తాతలనాటి విద్య అని మనవాళ్లు పోరాడితే 2000లో రద్దయింది. 2005లో అప్పీలు కూడా వీగిపోయింది. లోకంలోని బూజులకు మందిచ్చే ఆ వైద్యుడికే బూజు పట్టింది.

"మరి నా సిమెంటు?" అన్నాను భయంగా.

"తెగులు దానివల్ల రాలేదు. కాని జబ్బుమనిషి గొంతుమీద కాలు మాత్రం మీదే" అన్నాడాయన.

చిన్న మొక్కలైతే కార్బండజిం వంటి మందు చల్లవచ్చునట. మా చెట్టుకు చల్లాలంటే ఫైరింజను రావాలి. అందుకని చేయగలిగినదే చేశాం. అందినంతమేర ఎండుకొసలను, కింద కాస్త పచ్చిభాగంతో సహా కోయించి తగలబెట్టాం. గడ్డపలుగుతో చుట్టూ రెండు బారల సిమెంటు పగలగొట్టించాను. మట్టి బయటపడ్డది. నీళ్లు మొదట్లో కాక, కొమ్మల నీడ పడే అంచున పోశాం. నీరు తాగే సన్నవేళ్లు దూరంగా వుంటాయి మరి. ఎరువు మానేశాను. ఆపైన ఎదురుచూడడమే.

మాఘం వెళ్లేవేళకు ఎర్రని చిగురు కనిపించింది. 2022 ఏప్రిల్ 2, శుభకృత్ ఉగాది. వెనకటిలా పూత జలజల రాలలేదు. పాతచీర పరిస్తే గుప్పెడు దొరికింది. పచ్చడికి గుప్పెడు ఎక్కువే.

"అమ్మా, ఆనాడు నీ మాట వినవలసింది" అన్నాను, గిన్నె అందుకుంటూ.

"పగలగొట్టావుగా. తిను" అన్నది.

తెగులు పూర్తిగా పోలేదు. తరువాతి వానల్లోనూ కొన్ని కొసలు మాడాయి. ఇప్పుడు కంగారుపడి గొడ్డలికోసం పరుగెత్తను. గోటితో గీకి చూస్తాను.

ఋతువర్ణన పాఠం మొదలుపెట్టేముందు పిల్లలను ఒక ప్రశ్న అడుగుతున్నాను: "మీ యింటి దగ్గర చెట్టేమిటి? అది ఏ నెలలో ఆకు రాలుస్తుంది?" చాలామంది తల వంచుకుంటారు. నేను కోప్పడను. నాకు మాత్రం నలభై దాటాకగదా తెలిసింది!