అబ్బా అమానత్

పదకొండు రోజులు అబ్బా రిపోర్టు నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. ఆయనకు చూపించలేదు. "కడుపులో చిన్న పుండు అబ్బా, తీసేశారు, అల్‌హందులిల్లాహ్" అని చెప్పాను. రియాద్ నుంచి భయ్యా కూడా అలాగే చెప్పమన్నాడు. అమ్మీ అయితే ఆ జబ్బు పేరు ఇంట్లో ఎత్తొద్దని మా చేత కసమ్ వేయించుకుంది.

అబ్బాకి అరవై తొమ్మిదేళ్లు. నరసరావుపేటలో నలభై ఏళ్లు టైలరింగ్ చేశారు. షుగరుంది. ఎండోస్కోపీలో కడుపు కింది భాగాన మచ్చలాంటిది కనబడింది. క్యాన్సరే, కానీ మొదట్లోనే ఉందన్నారు. హైదరాబాదులో పొట్ట కోయకుండా, గొట్టంలోంచే సన్నటి కత్తి పంపి ఒలిచి తీశారు. ఈఎస్‌డీ అంటారు, జపాన్ డాక్టర్లు మొదలుపెట్టిన పద్ధతి. ఇంటికొచ్చి కిచిడీ తిన్నారు. బలా తప్పిందనుకున్నాం.

తప్పలేదని ఆ రిపోర్టు వచ్చాక తెలిసింది.

మళ్లీ వెళ్లినప్పుడు అబ్బాను బయట కూర్చోబెట్టి నేనొక్కదాన్నే ముందు లోపలికెళ్లాను. "మేడమ్, అబ్బాకి చెప్పొద్దు" అన్నాను. ఆమె రిపోర్టు చదివి తలెత్తింది. "కడుపు ఎవరిదమ్మా?" అంది. నాకు జవాబు దొరకలేదు. ఆమే తలుపు తీసి అబ్బాను పిలిచింది.

కాగితం మీద కడుపు గోడను పొరలు పొరలుగా గీసి చూపించింది. తీసిన ముక్క పక్క అంచులు శుభ్రంగా ఉన్నాయి. కానీ జబ్బు పైపొర దాటి, కింది పొరలోకి 0.8 మిల్లీమీటర్లు దిగింది. ముక్క అడుగు అంచుకు ఆ కణాలు తగిలి ఉన్నాయి.

అబ్బా చాలాసేపు ఆ బొమ్మే చూశారు. "అంటే సూది పైబట్టలో ఆగలేదు, అస్తర్‌లోకి దిగింది" అన్నారు.

"అంతేనండి" అంది డాక్టర్. పక్క అంచు ఒక్కటే బాగోలేకపోతే మళ్లీ గొట్టంతో తీయడమో, కనిపెట్టుకుని ఉండడమో చేయొచ్చట. లోతుకు దిగితే కథ వేరు. అక్కడి నుంచి కణాలు కడుపు బయటి లింఫు గ్రంథుల్లోకి పోయి ఉండొచ్చు. గొట్టం అక్కడిదాకా పోదు. స్కాన్‌లో ఏమీ లేదు కదా అన్నాను. మరీ చిన్నవి స్కాన్‌కు కనబడవంది.

జపాన్ వాళ్లదే మార్కుల లెక్క ఒకటి చెప్పింది. లింఫు నాళాల్లో కణాలుంటే 3 మార్కులు. రక్తనాళంలో ఉంటే 1, గడ్డ 3 సెంటీమీటర్లు దాటితే 1, అర మిల్లీమీటరు కంటే లోతుకు దిగితే 1, అడుగు అంచున ఉంటే 1. అబ్బాకి చివరి రెండే ఉన్నాయి. 2 నుంచి 4 మార్కులు వచ్చినవాళ్లలో, వందకు దాదాపు ఏడుగురికి గ్రంథుల్లో జబ్బు ఉంటుందట.

"మరి తొంభై ముగ్గురికి లేనట్టే కదా, కోత ఎందుకు?" అన్నాడు భయ్యా ఫోన్లో. నిజం చెప్పాలంటే నా దిల్ కూడా అదే అంది. షుగరు మనిషి, కడుపులో మూడింట రెండొంతులు తీసేస్తారు, కుట్టు అతకకపోతే? కానీ కోయకుండా ఆగి, తర్వాత గ్రంథుల్లో బయటపడితే అప్పుడు వైద్యం చాలా కష్టమని డాక్టర్ సాఫ్‌గా చెప్పింది.

తిరుగు బస్సులో అబ్బా పిడుగురాళ్ల దాకా నోరు విప్పలేదు. అప్పుడన్నారు: "బేటీ, మేరా నాప్ మేరెకుచ్ నై బోలే?" నా కొలతలు నాకే చెప్పలేదేం అని. కోపం లేదు ఆ గొంతులో. అదే నన్ను కోసింది. ఆ రిపోర్టు ఆయన అమానత్. మొహబ్బత్ పేరుతో నేను చేసింది ఖియానతే.

నాలుగు రాత్రులు ఇస్తిఖారా చేశారు. కల వచ్చిందా అని ఫుప్పూ రోజూ అడిగేది. కలేమీ రాలేదు. నాలుగో రోజు ఫజర్ తర్వాత జానిమాజ్ మడుస్తూ, "చేయించుకుంటా. ఆ ఏడుగురిలో నేనుంటే తర్వాత కుట్టడానికి బట్ట మిగలదు" అన్నారు. ఇది మా అబ్బా ఫైసలా. ఎనభై దాటి గుండె కూడా బలహీనంగా ఉన్నవాళ్లకు లెక్క వేరేగా ఉంటుంది, వాళ్లకు డాక్టర్లే కోత వద్దనొచ్చు. మమ్మల్ని చూసి ఎవరూ తీర్మానించుకోకండి.

ఆపరేషన్ అయింది. తీసిన 31 గ్రంథుల్లో ఒక్కదానిలోనూ జబ్బు లేదు. కడుపులోనూ ఏమీ మిగల్లేదు. "చూశావా, ఫిజూల్‌గా కోయించారు" అన్నాడు భయ్యా. అబ్బాకి స్పీకర్లో వినబడింది. "ఆజ్ మాలూమ్ హువా, తబ్ మాలూమ్ నై థా" అని మాత్రం అన్నారు.

ఉన్నది తేలికేం కాదు. తొమ్మిది కిలోలు తగ్గారు. రోజుకు ఆరుసార్లు పిడికెడేసి తింటారు. మిగిలిన కడుపులో మళ్లీ రాకుండా హెచ్.పైలోరీ క్రిమికి మందుల కోర్సు ఇచ్చారు, ఎండోస్కోపీకి వెళ్తూనే ఉండాలి. ఈ ఏడు రోజాలు వద్దన్నప్పుడు మాత్రం కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆపరేషన్‌కు ముందు కూడా ఏడవని మనిషి.

ఈద్ రోజు షీర్ ఖుర్మా గబగబా తాగి చెమటలు పట్టి, కళ్లు తిరిగి పడుకున్నారు. తీపి ఒక్కసారిగా దిగితే అంతేనట. సాయంత్రం లేచి అరకప్పు చెంచాతో తాగుతూ, రెండు రిపోర్టులూ తెమ్మన్నారు. తన పాత కొలతల పుస్తకంలో పెట్టుకుని, పుస్తకాన్ని మిషన్ సొరుగులో పెట్టమన్నారు.