సముద్రము లేని బొంబాయి

మా ప్రొద్దుటూరునకు రెండవ బొంబాయి యని పేరు. ఎవరు పెట్టిరో కాని, పెట్టినవారు సముద్రము మాట మరచిరి. బంగారపు టంగళ్లు గలవు, బట్టల బేరగాండ్రు గలరు, ప్రత్తి గలదు. పెన్న యొడ్డున ఇసుక కావలసినంత గలదు. ఇసుక ప్రక్కన ఉండవలసిన నీటికే కఱవు. సముద్రమును జూడవలెనన్న మా పెన్న నెల్లూరు సీమ దాక నడువవలెను. అదియు ఆమె యొంట సత్తువయున్న యేడు మాత్రమే.

"బొంబాయి యన్నారు, సముద్ర మేదయ్యా?" అని పొరుగూరి బంధువులు ఎగతాళి చేసినపుడు నేను వారి కాళ్ల క్రిందికి చూపుదును. మా యింటి నేల నాపరాయి. భూగర్భశాస్త్రజ్ఞుల మాట నమ్మినచో ఈ సీమ వంద కోట్ల యేండ్లకు పైగా మునుపు లోతులేని కడలి. పులివెందుల చేరువనున్న వేంపల్లె రాళ్లలో ఆనాటి నీటిపాచి కట్టిన పొరలు నేటికిని కానవచ్చును; గండికోట రాళ్లపై అలల చారలు గలవు. కనుక సముద్రము మాకు రాకపోలేదు; మిక్కిలి తొందరపడి వచ్చిపోయినది. ఎఱ్ఱగుంట్ల సిమెంటు కర్మాగారములు దాని అడుగునే పొడిచేసి బస్తాల కెత్తుచున్నవి. అసలు బొంబాయిలో వంటింటి గట్టుపై పరచు నల్లరాతిని అక్కడివారు "కడప్పా" యందురు. మొదటి బొంబాయి పొయ్యి రెండవ బొంబాయి సముద్రముపై వెలుగుచున్నదని నేను గర్వపడుచుండగా, "ఆ సముద్రమును దినము తుడుచుచున్నది నేను గదా" యని మా యింటి యామె యనినది. దానికి నాయొద్ద సమాధానము లేదు.

ఉక్కు కథ వేఱు. విశాఖపట్టణమున 1971లో ఒక్క శంకువు నాటిరి. 1992లో కర్మాగారము జాతి కంకితమాయెను. జమ్మలమడుగు ప్రాంతమున 2007లో, 2018లో, 2019లో, 2023లో నాలుగు మారులు నాటిరి. శంకువనగా మేకు. "శంఖుస్థాపన" యని అచ్చుపడినచోట నెల్ల ఎఱ్ఱసిరాతో దిద్దుట నా యలవాటు. ఇటీవల మానితిని. శంఖము సముద్రమున బుట్టునది, ఊదినకొలది మ్రోగును, లోపల నేమియు నుండదు. తప్పు వ్రాసినవారే ఒప్పు వ్రాసినట్లున్నది.

మొదటి రాయి పడిన యేడు నా తరగతిలో నున్న కుఱ్ఱవాడొకడు, ఊరికి ఉక్కు వచ్చుచున్నదని, ఐ.టి.ఐ.లో ఫిట్టరు పని నేర్చెను. పని నేర్చెను గాని పనిచేయుటకు కువైటు పోవలసివచ్చెను. పండుగ నాడు తప్పక ఫోను చేయును.

"సముద్రం మా షెడ్డు ఎనకాలే ఉండాది సార్. చూసేదానికి తీరిక లేదు" అని నవ్వి, మొన్న సంక్రాంతికి అడిగెను: "మన ఊరికాడ ఆ రాయి ఇంకా ఉండాదా సార్?"

"నాలుగైనాయిరా" అంటిని.