నాకు నచ్చిన యుద్ధం సినిమాలు – అవి ఎందుకు చూడాలి

ఈ నెల గోడ పత్రికలో నన్ను కూడా ఒక వ్యాసం వ్రాయమని తెలుగు మేడమ్ అన్నారు. పండుగల గురించి, చెట్ల గురించి అందరూ వ్రాసేశారు. అందుకని నేను యుద్ధం సినిమాల గురించి వ్రాస్తున్నాను. ఆడపిల్లకి యుద్ధం సినిమాలు ఏటే అని మా రూమ్ వాళ్ళు నవ్వారు. నవ్వినా ఫర్వాలేదు, చివరి దాకా చదవండి.

మొదటిది "అల్లూరి సీతారామరాజు". ఇది 1974లో వచ్చింది. కృష్ణ గారు సీతారామరాజుగా, జగ్గయ్య గారు రూథర్‌ఫర్డ్ దొరగా వేశారు. తెలుగులో మొదటి సినిమాస్కోప్ సినిమా ఇదే. చాలా భాగం మన చింతపల్లి అడవుల్లోనే తీశారు. దసరా సెలవులకి వెళ్ళినప్పుడు మా అయ్య ఫోన్‌లో మా అమ్మమ్మకి చూపించాను. ఆమె హీరోని చూడలేదు, వెనకాల కొండల్నే చూసింది. "ఒలే, అది మన వైపు కొండలాగుందే" అన్నది. సినిమా అంతా అయ్యాక, "మరి ఇంతమందికి అంబలి ఎవరు కాసేవారో చూపించలేదేటి?" అని అడిగింది.

నాకు జవాబు రాలేదు. అప్పుడు ఆమే చెప్పింది. ఆమె తాత ఆ రోజుల్లో రోడ్డు పనికి వెళ్ళేవాడట. రాళ్ళు మోయించి కూలి సరిగా ఇచ్చేవారు కాదట. పోడు కొడితే కేసు. అడవిలో ఉన్న మనుషుల కోసం ఆమె నాయనమ్మ రాత్రి పూట కుండలో చోడి అంబలి పోసి, చెట్టు తొర్రలో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసేదట. ఎవరు తాగారో తెల్లారితే తెలీదు, కుండ మాత్రం ఖాళీగా ఉండేదట.

మన సోషల్ పాఠంలో ఉన్నది మీకు గుర్తుండే ఉంటుంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసి తుపాకులు తీసుకున్నారు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర సీతారామరాజుని కాల్చి చంపారు. పాఠంలో లేనిది ఒకటి లైబ్రరీ పుస్తకంలో చదివాను. ఆయనతో ఉన్న గాం గంటందొర అదే సంవత్సరం చనిపోయాడు. తమ్ముడు గాం మల్లుదొరకి శిక్ష వేసి అండమాన్ పంపించారు. ఆయన బ్రతికి తిరిగి వచ్చి, 1952లో మొదటి ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి గెలిచి పార్లమెంటుకి వెళ్ళాడు. కొండ మనిషి తుపాకీతో మొదలుపెట్టి పార్లమెంటులో కూర్చున్నాడు. ఈ కథ సినిమాగా తీస్తే నేను మొదటి వరుసలో కూర్చుంటాను. ఇలాంటి సినిమా ఎందుకు చూడాలంటే, అందులో లేని మనవాళ్ళని ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి తెలుసుకోవాలని బుద్ధి పుడుతుంది.

రెండవది "ఘాజీ". 2017లో వచ్చింది. దర్శకుడు సంకల్ప్ రెడ్డి గారు, హీరో రానా గారు. 1971 యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విశాఖపట్నం దాకా వచ్చి, డిసెంబరు 3 రాత్రి తెల్లవారేలోగా మునిగిపోయింది. సినిమాలో మన జలాంతర్గామి దానితో నీళ్ళ కింద పోరాడినట్టు చూపిస్తారు. అది కల్పించిన కథ. ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ అనే ఓడ ముంచిందని మనవాళ్ళు అంటారు, లోపలే పేలిపోయిందని వాళ్ళు అంటారు. అది మునిగిందన్నది మాత్రం నిజం.

పోయిన ఏడాది ఎక్స్‌కర్షన్‌లో మనం విశాఖ బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ఎక్కాము కదా. 1969 నుండి 2001 వరకు అది నేవీలో పనిచేసింది. లోపల పడుకునే బల్లలు ఎంత ఇరుకో చూశారు కదా! మన డార్మెటరీ ఇరుకని గొడవ పడతాము. వాళ్ళు టార్పెడోల పక్కనే పడుకునేవారు, కిటికీ కూడా లేదు. ఆ తరువాతే మన డైనింగ్ హాల్‌లో ఘాజీ వేశారు. సినిమాలో మనవాళ్ళు జనగణమన పాడగానే అందరం కంచాలు చేతిలో పట్టుకొని లేచి నిలబడ్డాము. వంట అక్క కూడా గరిటెతో నిలబడింది. ఘాజీ పేలినప్పుడు అందరూ చప్పట్లు కొట్టి ఈలలు వేశారు. నేను మాత్రం బయటికి వచ్చేశాను. కడుపు నొప్పి అని చెప్పాను. అది అబద్ధం. నిజం ఇప్పుడు వ్రాస్తున్నాను.

మా అన్న అగ్నివీర్‌గా సైన్యంలో చేరాడు. మా ఇంట్లో సంతకం పెట్టడం వచ్చిన మొదటివాడు వాడే, రెండవదాన్ని నేను. 2025 మే నెలలో యుద్ధం వార్తలు వచ్చినప్పుడు నేను సెలవులకి ఇంటి దగ్గర ఉన్నాను. అన్న అప్పుడు జమ్మూ వైపు ఉన్నాడు. మా ఊళ్ళో సిగ్నల్ ఉండదు, మెట్ట ఎక్కాలి. నాలుగు రోజులు మా అయ్య పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మెట్ట ఎక్కి దిగాడు. ఫోన్ కలవలేదు. అమ్మ పొయ్యి వెలిగించింది గానీ ఎవరం సరిగా తినలేదు. అయిదో రోజు అన్న చేశాడు. "బాగున్నాను, అమ్మకి చెప్పు" అన్నాడు, కట్ అయిపోయింది. అయ్య మెట్ట దిగుతూనే కేక వేశాడు. ఆ కేక నేను ఎప్పటికీ మర్చిపోను.

అన్న సంగతి మా అమ్మకి అర్థం కావాలని తరువాత ఆమెకి కూడా ఘాజీ చూపించాను. అది మునిగినప్పుడు అమ్మ, "అందులో ఎంతమంది ఉన్నారే?" అన్నది. తొంభై మందికి పైగా అని చెప్పాను. "వాళ్ళమ్మలకి ఎవరు చెప్పారో" అన్నది. మా అమ్మకి చదువు రాదు. పాకిస్తాన్ ఏ దిక్కున ఉందో కూడా తెలీదు. కానీ ఆ మాట నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. మన దేశం గెలిస్తే నాకు సంతోషమే. మా అన్న గెలవాలనే రోజూ ప్రేయర్‌లో దండం పెట్టుకుంటాను. అయినా ఈల మాత్రం వేయలేను.

మూడవది "కంచె". 2015లో క్రిష్ గారు తీశారు. వరుణ్ తేజ్ గారు హీరో. రెండవ ప్రపంచ యుద్ధంలో ఇటలీలో పోరాడే మన తెలుగు సైనికుల కథ. ఆ యుద్ధంలో బ్రిటిష్ వారి తరఫున దాదాపు 25 లక్షల మంది భారతీయులు పనిచేశారని టీచర్ చెప్పినప్పుడు ఆశ్చర్యపోయాను. ఈ సినిమాలో అక్కడ ఒక యుద్ధం, ఇక్కడ ఊళ్ళో కులం పేరుతో ఇంకొక యుద్ధం. ఊరి మధ్యలో కంచె వేసేస్తారు. హీరో పరాయి దేశంలో ముక్కూ మొహం తెలియని వాళ్ళని కాపాడటానికి ప్రాణం ఇస్తాడు. మనం సంతకి వెళితే కొంతమంది డబ్బులు మన చేతిలో పెట్టకుండా బల్ల మీద పడేస్తారు కదా. కంచె అంటే నాకు అదే గుర్తొచ్చింది. మన హాస్టల్‌లో కూడా ఆ ఊరు వాళ్ళు, ఈ జాతి వాళ్ళు అని కంచాలు వేరు పెట్టుకొని కూర్చునే వాళ్ళు ఉన్నారు. పేర్లు వ్రాయను. వాళ్ళు కూడా ఈ సినిమా చూసి ఏడ్చారు, నేను చూశాను.

ఇక వార్డెన్ మేడమ్ గారికి ఒక విన్నపము. ఘాజీ వేసిన రాత్రి ఆరవ తరగతి చిన్నపిల్లలు కలవరించి ఏడ్చారని, ఇకమీదట యుద్ధం సినిమాలు వద్దని మీరు అన్నారు. మీరు అన్నదాంట్లో తప్పు లేదు. కానీ పూర్తిగా ఆపవద్దు మేడమ్. చిన్నపిల్లలకి వేరే సినిమా వేయండి. మాకు మాత్రం సినిమా అయిన వెంటనే లైట్లు ఆర్పకుండా ఒక్క అరగంట కూర్చోబెట్టి మాట్లాడించండి. ఏది జరిగింది, ఏది కల్పించారు, ఎవరి ఇంట్లో ఎవరు ఏడ్చి ఉంటారు అని అడగండి. ఆ రోజు అలా అడిగి ఉంటే నేను కడుపు నొప్పి అని అబద్ధం చెప్పేదాన్ని కాదు.

అన్న సంక్రాంతికి సెలవు దొరికితే వస్తానన్నాడు. వస్తే మన స్కూల్‌కి తీసుకొచ్చి ఈ గోడ దగ్గర నిలబెట్టి చదివిస్తాను. అప్పటిదాకా ఈ కాగితం చింపవద్దని ఏడవ తరగతి వాళ్ళకి మనవి.

నా వ్యాసంలో తప్పులుంటే పెద్ద మనసుతో క్షమించగలరు.

ఇట్లు
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి, 'బి' సెక్షన్