రొయ్య తగ్గింది... ఇల్లు తగ్గిందా?

భీమవరం అనగానే ఏం గుర్తొస్తుంది? సంక్రాంతి కోడిపందేలు, మావుళ్లమ్మ ఉత్సవాలు, గునుపూడి సోమేశ్వరుడు, రొయ్యల చెరువులు... కొత్త అల్లుడికి విస్తట్లో వడ్డించే వంటకాల లెక్క సరేసరి! కానీ ఆ ఊళ్లో ఉద్యోగం చేసుకుంటూ ఓ చిన్న ఇల్లు కొనుక్కుందామని బయల్దేరిన కొత్త జంటకు వీటన్నిటికంటే ముందు వినిపించే మాట ఒకటే- 'గజం ఎంత?'

ఆ ప్రశ్న ఎందుకంత పెద్దదో విజయవాడ వైపు నుంచి రైల్లో వచ్చేవాళ్లకు కిటికీలోంచే అర్థమవుతుంది. కైకలూరు దాటింది మొదలు ఆకివీడు, ఉండి... ఎటు చూసినా నీళ్లే. చెరువు పక్కన చెరువు, మధ్యలో నురగలు కక్కుతూ తిరిగే ఏరేటర్లు, గట్ల మీద కొబ్బరిచెట్లు. చెరువు లేనిచోట వరి. ఊరు దగ్గరపడేకొద్దీ ఆ వరిచేల మధ్యే రంగులేసిన సరిహద్దు రాళ్లు, ముందు ఓ ఆర్చి, దాని మీద ఘనమైన పేరు. లేఅవుట్ అన్నమాట! అంటే, ఒకే ఎకరం కోసం ముగ్గురు పోటీ. పంట వేద్దామనే రైతు, చెరువు తవ్వుదామనే ఆసామి, ప్లాట్లు చేద్దామనే వ్యాపారి. ఒకరు వెనక్కి తగ్గినా మిగతా ఇద్దరూ కాచుకుని ఉంటారు. భీమవరంలో నేల ధర ఎక్కడం తెలిసినంత బాగా దిగడం తెలియకపోవడానికి అసలు కారణం ఇదే.

కౌంటును బట్టి కాపురం

ఇక్కడ స్థలాల ధరకూ రొయ్యల ధరకూ దగ్గరి చుట్టరికం. 1980ల్లో చేపల చెరువులు వచ్చాయి. 90ల్లో టైగర్ రొయ్య వచ్చింది. ఆ డబ్బుతో పెంకుటిళ్లు మేడలయ్యాయి. ఆ దశాబ్దం మధ్యలో తెల్లమచ్చ వ్యాధి సోకి చెరువులు ఖాళీ అయ్యేసరికి సగం కట్టిన మేడలు అలాగే నిలిచిపోయాయి. దేశంలో వనామీ సాగుకు అనుమతులిచ్చిన 2009 తర్వాత మళ్లీ కళ వచ్చింది. 2022 ఏప్రిల్ 4న భీమవరం పశ్చిమగోదావరి జిల్లా కేంద్రమైంది. ఇక చెప్పేదేముంది! ఆఫీసులు, ఉద్యోగులు, అద్దెలు, వాటి వెనకే గజాల లెక్కలు.

2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి చేర్చింది. మన రొయ్యలను ఎక్కువగా కొనే దేశం అదే. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అంత 'కౌంటు' కదా... పెద్ద సైజు రొయ్య, అంటే తక్కువ కౌంటు, ఎక్కువగా వెళ్లేది అటే. దెబ్బ ముందు తగిలింది దానికే. చెరువుగట్టు మీద ధర పడితే ఆ వేడి బంగారం కొట్టుకూ బట్టల కొట్టుకూ తగులుతుంది, ఆ వెంటనే రిజిస్ట్రేషన్ ఆఫీసుకూ.

మరి స్థలాల వేడి చల్లారితే చిన్న ఇల్లు చవకవ్వాలి కదా?

అక్కడే ఉంది తిరకాసు. మార్కెట్ నెమ్మదించిందంటే నగరాల్లో బిల్డరు ధర తగ్గిస్తాడు. లేదా మాడ్యులర్ కిచెన్ ఉచితమంటాడు. బ్యాంకు వడ్డీ నెత్తిమీద ఉంటుంది కాబట్టి అతనికి తప్పదు. భీమవరంలో స్థలం యజమానికి అలాంటి తొందరేం ఉండదు. అది అప్పు చేసి కొన్నది కాదు, నాలుగు మంచి పంటలొచ్చిన ఏడాది మిగిలిన డబ్బుతో కొన్నది. 'అమ్మాయి పెళ్లికని ఉంచాం' అంటాడు. ధర రాకపోతే అమ్మడు, అంతే. కాబట్టి ఇక్కడ మార్కెట్ చల్లబడటమంటే ధర తగ్గడం కాదు, బేరం ఆగడం. బయానా ఇచ్చినవాళ్లు గడువు పెంచమంటారు, బ్రోకర్ల ఫోన్లు తగ్గుతాయి, బోర్డు మీద అంకె మాత్రం అలాగే ఉంటుంది.

తగ్గే ధర ఒకటుంది. అది బోర్డు మీద కనిపించదు. మేత డీలరుకు బాకీపడినవాళ్లో, చెరువు లీజు సొమ్ము కట్టాల్సినవాళ్లో ఉన్నదాంట్లో ఓ ముక్క చప్పుడు చేయకుండా తెగనమ్ముతారు. ఆ కబురు చేరేది మాత్రం చేతిలో రొక్కం ఉన్నవాళ్లకే. రుణం మంజూరు కోసం బ్యాంకు చుట్టూ నెలరోజులు తిరగాల్సిన ప్రైవేటు లెక్చరరుకో, ఆస్పత్రి నర్సుకో తెలిసేసరికి అగ్రిమెంటు కూడా అయిపోయి ఉంటుంది.

నలభై ట్రాక్టర్ల మట్టి

సరే, స్థలం దొరికిందనే అనుకుందాం. వంద గజాలు. మన లెక్కలో రెండు సెంట్లకు పిసరు ఎక్కువ. లెక్క తేలిగ్గా ఉండటానికి గజం ఇరవై వేలనుకుంటే స్థలానికే ఇరవై లక్షలు. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం. అంటే మరో లక్షన్నర. ఇంకా ఒక్క ఇటుక కూడా పడలేదు!

ఇటుక కంటే ముందు పడాల్సింది మట్టి. భీమవరం సముద్రమట్టానికి పది మీటర్ల ఎత్తు కూడా లేని ఊరు. మధ్యలోంచి యనమదుర్రు డ్రెయిన్ పోతుంది. శివార్లలో ప్లాటంటే నిన్నటిదాకా వరి పండిన పల్లం. దాన్ని రోడ్డు కంటే ఎత్తుకు మెరక చేయకపోతే మొదటి వానకే వంటింట్లోకి నీళ్లొస్తాయి. వంద గజాలంటే తొమ్మిది వందల చదరపు అడుగులు. నాలుగడుగులు లేపాలంటే 3,600 ఘనపుటడుగుల మట్టి. ట్రాక్టరుకు వంద చొప్పున ముప్ఫయ్యారు ట్రిప్పులు. తొక్కించి నీళ్లు పెట్టాక అది కుంగుతుంది కాబట్టి నలభై దాటుతాయి. మంచి ఎర్ర గ్రావెల్ కావాలంటే మెట్ట ప్రాంతం నుంచి రావాలి. ఆ దూరానికి కిరాయి వేరే.

కిందేమో నల్లమట్టి. వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం బీటలు తీస్తుంది. మామూలు పునాది వేస్తే గోడలు కూడా దాంతోపాటే బీటలిస్తాయి. అందుకే చాలామంది చిన్న ఇంటికీ పైల్స్ వేయిస్తారు. దగ్గర్లో ఉప్పునీటి చెరువుంటే మరో బెడద. గోడలు అడుగునుంచి చెమర్చి సున్నం పెచ్చులుగా ఊడుతుంది. బోరు వేసినా తాగేనీళ్లు పడతాయన్న నమ్మకం లేదు.

డెల్టాలో ఇల్లు ఖరీదైన వ్యవహారం కావడానికి కారణాల్లో సగం నేల కిందే దాక్కుని ఉన్నాయంటే అతిశయోక్తి కాదు. రెండో అంతస్తు వేసే ఆసామికీ ఒక గది చాలనుకునే జంటకీ మెరక ఖర్చు ఒకటే. అందుకే ఇల్లు చిన్నదయ్యేకొద్దీ చదరపు అడుగు ఖర్చు పెరుగుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, మంచిదే. కానీ మట్టికీ గజానికీ ఆ తగ్గింపు వర్తించదుగా!

చువ్వలు చెప్పే కథ

జువ్వలపాలెం రోడ్డులోని మేడలూ అపార్ట్‌మెంట్లూ దాటి లోపలి వీధుల్లోకి వెళ్తే డాబాల మీద ఓ దృశ్యం కనిపిస్తుంది. పిల్లర్ల నుంచి చువ్వలు మూరెడు పొడుగున పైకి వదిలేసి ఉంటాయి. తుప్పు పట్టకుండా కొందరు వాటికి సిమెంటు పూస్తారు, కొందరు ప్లాస్టిక్ సీసాలు తొడుగుతారు. ఊరికి కొత్తవాళ్లు డబ్బుల్లేక ఆపేశారనుకుంటారు. నిజానికి అది పథకం. ముందు కింద రెండు గదులు. పెద్దాడు ఇంటర్‌కొచ్చేసరికి పైన ఓ పోర్షన్, ఇంజినీరింగ్ కాలేజీ కుర్రాళ్లకు అద్దెకు. ఆ అద్దెతో బ్యాంకు వాయిదా. అమ్మాయి పెళ్లినాటికి మూడో స్లాబు. పశ్చిమ దేశాల్లో మొదటి చిన్న ఇల్లంటే కొన్నాళ్లుండి అమ్మేసి పెద్దదానికి మారే మెట్టు. మనవాళ్లకు ఇల్లు అమ్మడమంటే పరువు తక్కువ. ఇక్కడ కుటుంబం మారదు, ఇల్లే పెరుగుతుంది. తాటాకిల్లు పెంకుటిల్లయ్యింది, పెంకుటిల్లు డాబా అయ్యింది, డాబా మేడయ్యింది... అన్నీ ఒకే స్థలంలో.

ఇప్పుడు కరవైంది ఆ మొదటి రెండు గదుల ఇల్లే. అపార్ట్‌మెంట్లలో సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాటు కావాలని అడిగితే వింతగా చూస్తారు. బిల్డరు లెక్క బిల్డరుది. లిఫ్టు, మెట్లు, పార్కింగు ఎలాగూ కట్టాలి. హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న కొడుకు అమ్మానాన్నల కోసం కొంటే మూడు పడకగదులూ తూర్పు ముఖమూ కావాలంటాడు. జీతగాళ్ల కోసం చిన్నది కట్టడమెందుకు?

కట్టింది ప్రభుత్వమే. 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద టిడ్కో మూడు కొలతల్లో ఫ్లాట్లు ఎంచుకుంది. 300, 365, 430 చదరపు అడుగులు. గమ్మత్తేంటంటే, ఒక సెంటు అంటే 435 చదరపు అడుగుల పైచిలుకు. అందులో పెద్ద ఫ్లాటు రెండు పడకగదులతో సహా సరిగ్గా సెంటులో ఇమిడిపోతుంది. భీమవరం శివార్లలోనూ ఆ బ్లాకులు లేచాయి. గోడలు కూడా కాంక్రీటే కాబట్టి గట్టిగా ఉంటాయి. ఆలస్యమే వాటి శాపం. 2019లో ప్రభుత్వం మారాక పనులు ఆగాయి, వాటా సొమ్ములు మారాయి. 300 అడుగుల ఇల్లు రూపాయికి వచ్చింది. మిగతా రెండు రకాలవాళ్ల పేరిట మాత్రం మూడు లక్షల పైచిలుకు రుణం ఉంది. రాష్ట్రంలో చాలాచోట్ల తాళంచెవి చేతికి రాకముందే వాయిదా కట్టమని బ్యాంకు కబురు పంపింది. ఒకపక్క అద్దె, మరోపక్క కంటికి కనిపించీ కాలు పెట్టలేని ఇంటికి కిస్తు. పేదవాడికి అంతకంటే ఖరీదైన ఇల్లుండదు.

ఇంకో దారి సెంటు పట్టాలు. 2020 డిసెంబరు 25న మొదలుపెట్టిన పథకంలో పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర ఇచ్చారు. కట్టుకోవడానికి లక్షా ఎనభై వేలు. పైన చెప్పిన ట్రాక్టర్ల లెక్క గుర్తుందిగా... డెల్టా పల్లపు పొలంలో ఆ లక్షా ఎనభై వేలు పునాది దాటి ఎంత పైకొస్తాయో ఏ తాపీమేస్త్రిని అడిగినా చెబుతాడు. 2024లో వచ్చిన ప్రభుత్వం పట్టణాల్లో రెండు సెంట్లు, పల్లెల్లో మూడు సెంట్లు ఇస్తామంది. రెండు సెంట్లయితే పక్కన ఓ గది పెంచుకోవచ్చు, చువ్వలు వదిలే చోటుంటుంది.

ఉచిత ఇంటికి అర్హత లేక, మూడు పడకగదుల ఫ్లాటుకు తాహతు లేక మధ్యలో మిగిలిపోయేవాళ్ల మాటేమిటి? నిజానికి ఈ నెమ్మది వాళ్లకే కాస్త పనికొస్తుంది. రిజర్వు బ్యాంకు 2025లో రెపో రేటును 6.5 నుంచి 5.25 శాతానికి దించింది. ఇరవై లక్షల రుణం ఇరవై ఏళ్లకు తీసుకుంటే, వడ్డీ తొమ్మిది శాతమైనప్పుడు నెలకు దాదాపు 18 వేలు కట్టాలి. ఎనిమిదైతే 16,700 చాలు. మిగిలే పదమూడు వందలు ఇంటి ఖర్చుకు అక్కరకొస్తాయి. ఆవాస్ యోజన రెండో విడతలో ఏడాదికి తొమ్మిది లక్షల లోపు ఆదాయమున్నవాళ్లకు వడ్డీ రాయితీ గరిష్ఠంగా లక్షా ఎనభై వేలు. ఇంటి విలువ 35 లక్షలు మించకూడదు, సొంత పక్కా ఇల్లు ఎక్కడా ఉండకూడదు.

ఈ లెక్కలు తెలిసినవాళ్లు కొత్త లేఅవుట్ల వైపు వెళ్లడం లేదు. పదిహేను, ఇరవై ఏళ్లనాటి చిన్న అపార్ట్‌మెంట్లు వెతుకుతున్నారు. లిఫ్టు ఉండదు, మూడో అంతస్తు, పడమటి ఎండ. అందుకే ధర తక్కువ. మెరక, పైల్స్ బాధ ఎప్పుడో ఎవరో పడ్డారు. చూడాల్సింది లింకు దస్తావేజులు, నేలలో అవిభాజ్య వాటా, స్లాబు కింద చెమ్మ. బేరాలు జోరుగా ఉన్నప్పుడైతే కాగితాలు లాయరుకు చూపించి రెండ్రోజుల్లో చెబుతామంటే యజమాని ఆగడు. మార్కెట్ చల్లగా ఉంటే నెలైనా ఆగుతాడు. ధర తగ్గకపోయినా కొనేవాడికి దక్కేది ఈ వ్యవధే.

ఇక సంక్రాంతికి ఊరు నిండుతుంది. హైదరాబాద్, బెంగళూరు, డాలస్‌ల నుంచి పిల్లలొస్తారు. పందేల బరి నుంచి వస్తూ వస్తూ నాన్న చూపించిన స్థలం దగ్గర కారు ఆపి నాలుగు ఫొటోలు తీసుకుంటారు. అందుకే ఆ పాత ఫ్లాట్ల యజమానులు చాలామంది డిసెంబరులో బేరానికి రారు. 'పండగెళ్లనివ్వండి' అంటారు. కనుమ మర్నాడు కార్లన్నీ వెళ్లిపోయాక వాళ్లే ఫోన్ చేస్తారు... 'ఆ అంకెకే ఉన్నారా?' అని.